నాలుగో సంచిలో వడియం

మొన్న నా ఉద్యోగం ఊడినంత పనయింది. ఊడలేదనుకోండి, అదే ఇప్పుడు చెప్పబోయేది. దాన్ని నిలబెట్టింది నా తెలివితేటలు కావు, షావుకారు గారి దయ అంతకన్నా కాదు. ఒక గుమ్మడికాయ వడియం! నవ్వుతారేం? టీ తాగుతూ వినండి, వడియం విలువ మీకే తెలుస్తుంది.

ముందు ఈ కాలి సంగతి. పోయిన నెల మోపెడ్ మీద గుంటూరు నుంచి ఇంటికొస్తున్నాను. మా ప్రత్తిపాడు ఇంకో రెండు మైళ్ళుందనగా రోడ్డు పక్కన ఎవరో రైతు మిరపకాయలు ఎండబోశాడు. నాది గ్రేడర్ బుద్ధి కదా! బండి మీద నుంచే చూస్తున్నాను. "రంగు బాగుంది... ఆ మూల కొంచెం తాలు ఉంది... ఈ పక్క కాయ ఇంకా ఎండాలి..." అనుకుంటూ ఉండగానే కల్వర్టు వచ్చింది. నేను పక్కకి తిరగలేదు. అదీ తిరగలేదు. కళ్ళు తెరిచేసరికి నేను గుంటలో, బండి నా మీద. ఆ రైతే పరుగెత్తుకొచ్చి నన్ను పైకి లేపుతూ ఏమన్నాడో తెలుసా?

"బాబుగారూ, తమరు మిరపకాయల కంపెనీ వారు కదండీ? మా కాయ ఎట్టా ఉందండీ?"

కాలు విరిగి ప్రాణం పోతుంటే కూడా నోరు ఊరుకోలేదు. "ఇంకో రెండు ఎండలు కావాలయ్యా" అని, అప్పుడు స్పృహ తప్పాను. ఆ "రెండు ఎండలు" అన్న మాట గుర్తుపెట్టుకోండి. నా కొంప ముంచింది ఆ ఎండే.

మీలో కొందరికి నా ఉద్యోగం ఏమిటో సరిగ్గా తెలియదు. గుంటూరులో ఓ మిరపకాయల కంపెనీ. లారీల్లో బస్తాలు వస్తాయి. ఒక్కో లారీలోంచి ఓ చిన్న సంచెడు కాయలు తీసి మా బల్ల మీదకి పంపుతారు. దాన్ని మచ్చు అంటాం. ఆ మచ్చు చూసి లారీ మొత్తం జాతకం చెప్పాలి. కాయ ఎండిందా, మెత్తగా ఉందా, రంగు నిలుస్తుందా, తాలు ఎంత. తాలంటే తెల్లబారిన కాయలన్నమాట. వీటన్నిటిలోకీ ముఖ్యం తడి. తడి ఉన్న కాయ ఒక్క లారీ కోల్డ్ స్టోరేజీలోకి వెళ్ళిందంటే తను బూజు పట్టడమే కాదు, పక్క బస్తాలకీ అంటిస్తుంది. అందుకని మా షావుకారు గారిది ఒకటే రూలు. చీటీ మీద మూడు సంతకాలు పడితేగానీ లారీ కదలదు.

ఆ మూడు సంతకాల్లో మొదటిది మస్తానయ్య గారిది. ముప్ఫై ఏళ్ళ సర్వీసు. ఆయన కాయని చూడడు, వింటాడు. గుప్పెడు కాయలు తీసి చెవి దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, మెల్లగా ఆడిస్తాడు. లోపల గింజలు గలగలమంటే ఎండినట్టు. రెండోది సుభద్ర గారిది. ఆవిడ ముక్కు గురించి యార్డులో కథలే ఉన్నాయి. వాసన చూసి "ఇది నల్లరేగడి కాయ, నీళ్ళు ఆలస్యంగా పెట్టారు" అనేస్తారు, రైతు నోరు తెరుచుకుని నిలబడిపోతాడు. మూడోవాణ్ణి నేను. నాది కన్ను.

మా పద్ధతి కూడా చెప్పాలి. మచ్చు ఒక చేటలో పోస్తారు. ఆ చేట నా దగ్గర మొదలై, సుభద్ర గారి దగ్గరికి వెళ్ళి, మస్తానయ్య గారి దగ్గరికి చేరాలి. చేట చుట్టూ తిరిగి వచ్చేదాకా ఎవరూ నోరెత్తకూడదు. తిరిగొచ్చాక ఇక మొదలు! "ఎండింది." "లేదండీ, తొడిమ దగ్గర చూడండి." "మీకు జలుబు చేసినట్టుందమ్మా." "జలుబు మీ చెవికి చేసింది!" ఒక్కో మచ్చుకి పది నిమిషాలు. మధ్యలో టీ. మధ్యలో సుభద్ర గారి గోంగూర పచ్చడి రుచి. మళ్ళీ చేట.

నాకు ఒళ్ళు మండేది. నాకు కాయ చూడగానే తెలిసిపోతుంది, ఇంత భాగోతం ఎందుకు? ఈ ముసలాయన చెవికీ, ఆవిడ ముక్కుకీ మధ్య నా కంటి ప్రతిభ మరుగున పడిపోతోందని నా బాధ. తా పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే రకాన్ని నేను. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను, ఒప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు. కొంచెం ఉంది.

సరే. కాలికి పిండికట్టు వేసి ఆరు వారాలు కదలొద్దన్నాడు డాక్టరు. మార్చి నెల, సీజను నడినెత్తి మీద ఉంది. మా ఆవిడ పురిటికని పొన్నూరు పుట్టింట్లో ఉంది. ఇంట్లో నేనూ, మా అమ్మా. షావుకారు గారు మస్తానయ్య గారిని వెంటబెట్టుకుని, బత్తాయిలు పట్టుకుని చూడ్డానికొచ్చారు.

"సీజను మధ్యలో ఇదేం పనయ్యా కోటేశ్వర్రావ్! మూడో సంతకం ఎవరు పెడతారిప్పుడు?"

అప్పుడు మెరిసింది నాకు ఐడియా. "నేనే పెడతానండీ! ఆఫీసుకి రాలేనుగానీ ఆఫీసే ఇక్కడికి రావచ్చుగా? పొద్దున తొమ్మిది గంటల బస్సుకి మచ్చు సంచులు కండక్టరుకిచ్చి పంపండి. నేను చూసి చీటీ రాసి, నాలుగు గంటల బస్సులో సంచులతో సహా తిప్పి పంపిస్తాను. కళ్ళు నా దగ్గరే ఉన్నాయి. చేట మా ఇంట్లోనూ ఉంది!"

షావుకారు గారు బత్తాయి ఒలుస్తూ ఆలోచించారు. మస్తానయ్య గారు మాత్రం మెల్లగా, "కాయని ఒక్కడే చూడకూడదు నాయనా" అన్నారు.

"ఎందుకండీ? కాయేమన్నా సిగ్గుపడుతుందా?" అన్నాను. నా జోకుకి నేనే నవ్వాను.

షావుకారు గారు ఒలిచిన తొన నోట్లో వేసుకుని తేల్చేశారు. "సరే. మస్తానయ్య ఈ సీజన్‌తో మానేస్తానంటున్నాడు. ఆ పెద్ద కుర్చీ నీకే అనుకుంటున్నాను. ఇది సవ్యంగా జరిగిందా, కుర్చీ నీది. తేడా వచ్చిందా..." అని గింజ బయటికి ఉమ్మేశారు. మిగతాది నాకు అర్థమైంది.

హెడ్ గ్రేడర్! పుట్టబోయే పిల్లో పిల్లాడో ఊళ్ళో నడుస్తుంటే "హెడ్ గ్రేడర్ గారి బిడ్డ" అంటారు. ఇంకేం కావాలి చెప్పండి?

మొదటి తొమ్మిది రోజులు నా వైభవం చూడాల్సింది మీరు! వరండాలో నవ్వారు మంచం, వెనక రెండు దిళ్ళు, కట్టుకాలు ముక్కాలి పీట మీద. బస్సు మా ఇంటి ముందే ఆగేది. కండక్టరు స్వయంగా దిగి సంచులు నా చేతికిచ్చేవాడు. బస్సులో జనమంతా కిటికీల్లోంచి తలలు బయటపెట్టి చూసేవాళ్ళు. దారిన పోయే రైతులు ఆగి, "ఏమయ్యో, మంచం మీద పడుకుని మిరపకాయలు చూస్తే జీతమిస్తారంటగా! ఇంకో ఖాళీ ఉంటే చెప్పవయ్యా" అనేవాళ్ళు. ఆఫీసులో పొద్దుగూకులూ పట్టే పని గంటలో అయిపోయేది. వాదన లేదు, జలుబు లేదు, గోంగూర లేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను ఇంట కూర్చునే రచ్చ గెలిచేస్తున్నానని మురిసిపోయాను.

ఒక్కటే చికాకు. ప్రతి రోజూ సంచులతోపాటు మస్తానయ్య గారి నుంచి ఓ కాగితం ముక్క వచ్చేది. "రెండో సంచి అడుగు కాయలు కూడా చూడు నాయనా." "అయిదోది విరిచి చూశావా?" "కాలు ఎలా ఉంది? సుభద్రమ్మ అడగమంది." నేను చదివి దిండు కింద పడేసేవాణ్ణి. జవాబు రాయాలన్నా ఎక్కడ? అడిగిన ప్రశ్నకి జవాబు సాయంత్రం బస్సులో పోవాలి, దానికి ఆయన మాట మర్నాడు పొద్దున బస్సులో రావాలి. అదే బల్ల దగ్గరైతే గడ్డం ఎత్తితే చాలు. అది నాకు అప్పుడు తట్టలేదు. "ఈయనకి ఏం తోచక రాస్తున్నాడు" అనుకున్నాను.

పదో రోజు. అంతకుముందు రోజు అద్దంకి వైపు అకాల వర్షం పడింది. కల్లాల్లో ఆరబోసిన కాయలు కొందరివి తడిశాయి, కొందరివి పట్టాలు కప్పుకుని బతికిపోయాయి. ఆ వైపు ఏడు ఊళ్ళ నుంచి ఏడు లారీలు మా గేటు ముందు నిలబడ్డాయి. ఏవి తడిసినవి, ఏవి పొడివి? అంతా ఆ ఏడు సంచుల్లో తేలాలి. మద్రాసు పార్టీకి మాట ఇచ్చారు కాబట్టి షావుకారు గారు కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నారట.

ఆ రోజే నేను కట్టు చూపించుకోవడానికి పొద్దున్నే రిక్షాలో ఆసుపత్రికి పోయాను. పోతూ పోతూ అమ్మతో "బస్సొస్తే సంచులు తీసుకుని లోపల పెట్టు" అని చెప్పాను. అంతే చెప్పాను! "ముట్టుకోకు" అని చెప్పలేదు. మిరపకాయల సంచి చేతికిచ్చి, ముట్టుకోవద్దని గుంటూరు జిల్లాలో ఏ ఆడమనిషికైనా విడిగా చెప్పాలని నాకెలా తెలుస్తుంది?

డాక్టరు దగ్గర జనం. నేను ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. నాలుగు గంటల బస్సు నెత్తి మీద ఉంది. ఏడు సంచులూ మంచం పక్కన వరసగా, మూతులు ముద్దుగా కట్టి ఉన్నాయి. "అమ్మా, మస్తానయ్య గారి కాగితం ఏమన్నా వచ్చిందా?" అని అడగాలని కూడా అనిపించలేదు. అమ్మ వంటింట్లో ఏదో దంచుతోంది.

మొదటి సంచి చేటలో పోశాను. గలగల! ఆహా! అసలు చెవి దగ్గర పెట్టుకోనక్కర్లేకుండానే వినిపిస్తోంది. రెండోది గలగల. మూడోది గలగలగల. వేళ్ళతో నొక్కితే పుటుక్కుమని విరుగుతోంది. తాలు వెతికితే ఒక్కటి లేదు. ఏడుకి ఏడూ బంగారం! వర్షం సంగతి గుర్తులేక కాదు. "పట్టాలు కప్పుకుని ఉంటారు, జాగ్రత్తపరులు" అని నాకు నేనే చెప్పుకున్నాను. టైము మూడుంబావు... మూడున్నర... చీటీ అందుకున్నాను.

"ఏడు లారీలూ ఫస్ట్ క్లాస్. తడి లేదు. తాలు లేదు. వెంటనే కోల్డ్ స్టోరేజీకి పంపవచ్చును." సంతకం పొడుగ్గా లాగి, కింద రెండు గీతలు కొట్టాను.

అక్కడితో ఆగితే బాగుండేది. నా చెయ్యి ఆగలేదు. అదే చీటీ వెనక ఇంకో ముక్క రాశాను. "మస్తానయ్య గారికి: బల్ల చుట్టూ ముగ్గురు కూర్చుని రోజంతా చేసే పని, మంచం మీద ఒక్కడు అరగంటలో చేశాడని గమనించ ప్రార్థన."

కండక్టరు సంచులెత్తుకుని పోయాడు. నేను దిళ్ళకి ఆనుకుని, హెడ్ గ్రేడర్‌గా మొదటి నిద్ర తీశాను.

మర్నాడు తొమ్మిది గంటల బస్సు ఆగింది. కండక్టరు దిగలేదు. మస్తానయ్య గారు దిగారు!

చంకలో గొడుగు, చేతిలో చిన్న కాగితం పొట్లం. ఆయన మా వరండా మెట్లెక్కి, చెప్పులు విడిచి, నా మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. కాలు ఎలా ఉందని అడిగారు. ఎండ ముదిరిపోయిందన్నారు. అప్పుడు పొట్లం విప్పి, అందులో ఉన్నదాన్ని నా అరచేతిలో పెట్టారు.

"ఇది ఏ గ్రేడు నాయనా?"

గుమ్మడికాయ వడియం. గుండ్రంగా, తెల్లగా, ఎండి గట్టిగా, మధ్యలో ఓ జీలకర్ర గింజతో సహా.

"ఇది... ఎక్కడిదండీ?"

"నాలుగో సంచిలో. కాయ బాగుంది, కాదనను. ఇంగువ మాత్రం కొంచెం ఎక్కువైంది."

అప్పుడే అమ్మ మజ్జిగ గ్లాసుతో వచ్చింది. "రండి అన్నయ్య గారూ! ఎండనపడి వచ్చారు" అంటూ గ్లాసు ఇచ్చి, నా చేతిలో వడియం చూసి, "ఒరేయ్ కోటీ, పచ్చి వడియం తింటావేంట్రా, వేయించి పెడతా కదా!" అంది.

మస్తానయ్య గారు మజ్జిగ తాగి, ఎంతో మర్యాదగా అడిగారు. "చెల్లెమ్మా, నిన్న వచ్చిన సంచులు తమరేమన్నా చూశారా?"

"చూడకేం! మీ ఆఫీసు వాళ్ళని ఒక మాట అడగాలనే ఉంది. కాయలు అట్టా మెత్తగా మూటగట్టి పంపిస్తారా ఎవరన్నా? మావాడసలే కోపిష్టోడు, చూశాడంటే పంపినవాళ్ళ మీద ఇంతెత్తున లేస్తాడు. పాపం ఎవరి ఉద్యోగానికి చేటోనని నేనే డాబా మీద ఎండేశాను. పక్కనే మొన్న పెట్టిన వడియాలు ఎండుతున్నాయి. ఒకటి దొర్లినట్టుంది."

"ఏడూ ఎండేశావా అమ్మా?" మంచం మీద లేచి కూర్చున్నాను.

"ఏడూ. కలవకుండా దేనికది చీర చెరగంత కుప్ప పోసి, నంబరు చీటీల మీద రాయి పెట్టా. తాలు కూడా ఏరేశా. తొడిమలు కూడా తీద్దామనుకున్నాగానీ ఈలోగా నీ రిక్షా వచ్చే వేళయిందని మూటలు కట్టేశా."

తొడిమలొక్కటీ నా రిక్షా కాపాడిందన్నమాట! కుడితిలో పడ్డ ఎలుకలా నేను మంచం మీద కొట్టుకుంటున్నాను. మస్తానయ్య గారు మాత్రం కుర్చీ ఇంకొంచెం ముందుకి జరుపుకున్నారు. ఆయన కళ్ళలో ఒక మెరుపు.

"బాగా చేశారు చెల్లెమ్మా. ఎండెయ్యకముందు మరి ఏ సంచి ఎట్లా ఉందో గుర్తుందా?"

"గుర్తులేకేం? మూడోది, ఆరోది మరీ అన్యాయం. పిడికిట పడితే గుడ్డ పిండినట్టున్నాయి. వాన తడుపే అది. మిగతావి పర్లేదు, రాత్రి మంచుకి కొంచెం మెత్తబడ్డాయంతే. నాలుగో దాంట్లో తాలు దోసెడు తేలింది. నిన్న వంటింట్లో దంచింది అదే. ఒకటోది, ఏడోది మాత్రం నాణ్యమైన కాయ అన్నయ్య గారూ. ఆ రైతులెవరోగానీ వాళ్ళ చేతికి దణ్ణం పెట్టాలి."

మస్తానయ్య గారు జేబులోంచి పెన్ను తీసి, కొత్త చీటీ మీద ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాసుకున్నారు. ఒక్క అక్షరం మార్చలేదు. తర్వాత నావైపు తిరిగి, "నిన్న పొద్దున మూటగట్టేటప్పుడు మూడూ, ఆరూ నా చేతికీ మెత్తగానే తగిలాయి. రాశాను కూడా. నా కాగితం చూడలేదా?" అన్నారు.

"కాగితమా?" అంది అమ్మ. "ఉత్తరమనుకుని ఉత్తరాల కమ్మికి గుచ్చాను. మీ మావయ్య ఉత్తరం పక్కనే ఉంది చూడు."

కర్రల మీద వెళ్ళి చూస్తే గోడకి వేలాడే ఆ ఇనప కమ్మికి, మావయ్య పోస్టుకార్డుకీ కరెంటు బిల్లుకీ మధ్య, పదిలంగా ఉంది. "మూడు, ఆరు జాగ్రత్త. తడుపులా ఉంది. నువ్వు చూసి చెప్పేదాకా ఇక్కడ ఎవరితోనూ నేనేమీ అనను." నేనేమీ అనను! చేట తిరిగొచ్చేదాకా నోరెత్తకూడదనే రూలు ఆయన ఇరవై కిలోమీటర్ల దూరంలో కూడా పాటించాడు. నేను నా ఇంట్లో పాటించలేకపోయాను.

"మీకు అనుమానం ఎలా వచ్చిందండీ? వడియం వల్లేనా?" అని అడిగాను.

"వడియం తర్వాత సంగతి. ఏడు సంచులూ ఒకటే చప్పుడు చేశాయి నాయనా. ఏడు ఊళ్ళకీ ఒకే ఎండ కాయదు కదా!"

ఎంత మాటండీ! నేను ఎనిమిదేళ్ళుగా కాయలు చూస్తున్నాను. ఒక్కో కాయ బాగుందా లేదా అనే చూశాను. అన్నీ ఒక్కలా బాగుంటే అదే అనుమానించాల్సిన సంగతని నా బుర్రకి ఏనాడూ తట్టలేదు. అప్పటిదాకా ఆయన చెవిని వెక్కిరించినవాణ్ణి, ఆ క్షణాన లేచి కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది. కాలు వంగక చేతులు మాత్రం జోడించాను. ఆయన నా భుజం తట్టి, నా చేత కొత్త చీటీ మీద సంతకం పెట్టించుకుని, పదకొండు గంటల బస్సుకి వెళ్ళిపోయారు. నా పాత చీటీ గురించి గానీ, దాని వెనక రాసిన ముక్క గురించి గానీ ఒక్క మాట లేదు.

అసలు సంగతి రెండు రోజుల తర్వాత తెలిసింది. ఇక ఇంట్లో ఉండబుద్ధి కాక, కట్టుకాలితోనే బస్సెక్కి, వెనక సీటు మొత్తం కాలికే ఇచ్చి, గుంటూరు ఆఫీసుకి వెళ్ళాను. సుభద్ర గారు కుర్చీ వేసి, కాలు కింద ఖాళీ గోనెసంచి మడిచి పెట్టి, గోంగూర డబ్బా ముందుకి తోసి అప్పుడు చెప్పారు.

"ఆ సాయంత్రం నీ చీటీ చూసి షావుకారు గారు లారీలు పంపేయమన్నారు. మస్తానయ్య గారు సంతకం పెట్టలేదు. ఎందుకు పెట్టవని ఆయన ఒకటే కేకలు. ఈయన ఏమన్నారో తెలుసా? 'నాకివాళ చెవి సరిగ్గా వినపడటంలేదండీ. రేపు పొద్దున పెడతాను' అన్నారు. 'చెవి పోయినవాడివి ఆఫీసుకెందుకొచ్చావ్' అని అందరి ముందూ అనేశారు షావుకారు గారు. మళ్ళీ మచ్చు తీయించమంటే నీ తప్పు బయటపడుతుందని, తలొంచుకుని నిలబడ్డారే తప్ప నీ పేరెత్తలేదు."

గోంగూర డబ్బా పక్కన పెట్టేశాను. ముప్ఫై ఏళ్ళు ఏ చెవి మీద బతికాడో, ఆ చెవే పోయిందని చెప్పుకున్నాడండీ ఆయన, నాలాంటి బడాయికోరు పరువు కోసం! కళ్ళ నీళ్ళు తిరిగాయి. మిరప ఘాటని తుడుచుకున్నానుగానీ, సుభద్ర గారి ముక్కు దగ్గర అబద్ధాలు చెల్లవు.

వెంటనే కర్రలు పొడుచుకుంటూ షావుకారు గారి గదిలోకి పోయాను. అంతా చెప్పేశాను. ఆసుపత్రి, డాబా, తాలు, వడియం, ఒక్కటి దాచలేదు. "చెవి పోయింది మస్తానయ్య గారిది కాదండీ, కళ్ళు పోయింది నాకు. నన్ను తీసేసినా సరే, ఆయన్ని మాత్రం ఇంకో రెండు సీజన్లు ఉండమనండి. ఆయన పక్కన కూర్చుని వినడం నేర్చుకోవాలి" అన్నాను.

షావుకారు గారు మొదట కళ్ళెర్రజేశారు. తర్వాత ఆయన పొట్ట కదలడం మొదలైంది. తర్వాత బల్ల కదిలింది. నవ్వీ నవ్వీ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఆ మూడూ, ఆరూ మళ్ళీ ఎండేయించాం. పార్టీ దగ్గర పరువు దక్కింది. బతికిపోయావ్ ఫో. కుర్చీ సంగతి ఇక ఎత్తకు" అన్నారు. నేను గుమ్మం దాటబోతుంటే మళ్ళీ పిలిచారు. "ఇదిగో కోటేశ్వర్రావ్! ఇంటి దగ్గర పని పద్ధతి బాగానే ఉందయ్యా. వచ్చే సీజన్‌కి కూడా బస్సులో మచ్చు పంపిస్తాను. అయితే నీకు కాదు, మీ అమ్మగారికి! సంతకం రాకపోతే వేలిముద్ర చాలు. అడిగి చెప్పు."

వేళాకోళమో నిజమో తెలియదు. కానీ అడగమన్నారు కదా! ఇంటికెళ్ళగానే అమ్మకి చెప్పాను. అమ్మ వడియాలు డబ్బాలోకి ఎత్తుతోంది, ఆఫీసు వాళ్ళకి పంపడానికే. చెయ్యి ఆపకుండా ఆలోచించి, తల అడ్డంగా ఊపింది.

"నావల్ల కాదురా కోటీ. ఒక్కదాన్నే ఇంట్లో కూర్చుని కాయలు చూస్తే నాకేం తెలుస్తుంది? పక్కింటి రత్తమ్మ ఉండాలి, ఎదురింటి ఆదిలక్ష్మి ఉండాలి. తలా ఓ మాట అనుకుంటేనే తప్పో ఒప్పో తేలేది. ఆ రోజు కూడా ముగ్గురం డాబా మీద కూర్చునే చూశాం. మాకేమన్నా నీ అంత తెలివితేటలున్నాయా నాయనా, ఒక్కళ్ళమే మంచం మీద పడుకుని చెప్పెయ్యడానికి!"